సందు

ఆటోనగర్‌లో లారీ బాడీల వీధి దాటి
పాత టైర్ల గుట్ట పక్కన మూడో సందు.
ఆ వరసలో ఏసీ ఉన్న షెడ్డు మాదొక్కటే.
ఆ ఏసీ మా కోసం కాదు.

బయట నలభై ఆరు.
బెజవాడ ఎండకి రేకులు పటపటమంటుంటే
మెషీను కడుపులో చిటికెనవేలంత కడ్డీ,
వంకాయ పువ్వు రంగు స్ఫటికం,
చల్లటి నీళ్ళ మధ్య హాయిగా పడుకుని ఉంటుంది.
నీళ్ళ మోటారు ఆగితే
ముందు దాని ఒంటి వేడి చూస్తారు,
తర్వాతే మాకు మజ్జిగ.

దీపం భగ్గుమంటుంది. కడ్డీ ఆ వెలుగంతా తాగేస్తుంది.
అటొక అద్దం, ఇటొక అద్దం.
ఒకటి ససేమిరా వదలదు,
రెండోది కొంచెం మెతక.
వాటి మధ్య వెలుగు పోతుంది, వస్తుంది, పోతుంది,
వెళ్ళిన ప్రతిసారీ
అచ్చం తనలాంటిదాన్ని వెంటేసుకుని.
చివరికి ఆ మెతక అద్దంలోంచి
అన్నీ ఒకే అడుగు వేస్తూ బయటికి.
కంటికి కనపడదు.
అందుకే గోడ మీద ఎర్ర బోర్డు,
నా ముఖాన ఆకుపచ్చ కళ్ళజోడు.

నాగుల్ మీరా బాబాయ్‌కి ఇదే నచ్చలేదు.
ముప్పై ఎనిమిదేళ్ళు రాడ్డు పట్టిన మనిషి.
వెల్డింగ్ చెవితో చేస్తాడు:
నూనెలో పునుగులు వేగినట్టుంటే కరెంటు సరిపోయినట్టు,
చిటపట ఎక్కువైతే రాడ్డుకి చెమ్మ తగిలినట్టు.
రాత్రుళ్ళు కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటే
బంగాళాదుంప చక్రాలు కట్టుకుని పడుకున్నవాడు.
"మెరుపు లేదు, చప్పుడు లేదు, కొట్టి రాల్చడానికి చిట్టెం లేదు.
ఇది అతకడమేనా?" అన్నాడు.

ఆ రోజు పని పాల డెయిరీ వాల్వుది.
స్టీలు రింగుకి స్టీలు తిత్తి అతకాలి,
తిత్తి బీడీ ఆకంత పలచన.
రాడ్డు చూపిస్తే చాలు, చిల్లు.
నేను పెడల్ తొక్కాను.
టిక్. టిక్. టిక్.
ఆర్గాన్ మెల్లగా ఊదుతుంటే
ఆవగింజంత చోటు కరిగి, నడుమ గుంట పడి,
గుంట మూసుకుని, గట్టిపడి,
అది గట్టిపడేలోపే పక్కన ఇంకోటి.
ఒకదాని మీదొకటి వాలిన రూపాయి బిళ్ళల్లా అతుకు.
బాబాయ్ అంగుళం అవతల వేలు పెట్టి చూశాడు. కాల్లేదు.
ఏమీ అనలేదు.

రెండో ముక్క అతకలేదు.
పవర్ పెంచాను. ఫోకస్ దించాను.
పుణె ఇంజినీరుకి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడు.
వెలుగు అంచుల మధ్యనుంచి జారి
కింద బిగింపు మీద నల్లచుక్క పెట్టింది, అంతే.

బాబాయ్ సిగరెట్టు కాగితం చింపి
రింగుకీ తిత్తికీ మధ్య పెట్టాడు.
దూరింది.
"సందుందమ్మా.
నా రాడ్డయితే పూడ్చేది. తను కరిగిపోయి మరీ పూడ్చేది.
నీ వెలుగు తనది ఇంత కూడా పెట్టదు.
ఉన్నవాళ్ళనే కలపాలి.
వాళ్ళేమో ముందే ఆనుకుని ఉండాలి."

అని ఆకురాయి తీశాడు.
రింగు అంచు రెండు రుద్దులు రుద్ది
తిత్తికి ఆనించి ట్యూబులైటు ముందు పట్టాడు:
వెంట్రుకంత తెల్లగీత.
మళ్ళీ రుద్దు, మళ్ళీ లైటు.
గీత సగానికి తెగింది. ఓ మూల నిలబడింది.
పొర వచ్చిన కుడికన్ను మూసి
ఎడమకంటితో చూస్తూ రుద్దాడు.
"ఇప్పుడు చూడు" అన్నాడు.
చూశాను. చీకటి.
ఎక్కడా వెలుతురు దూరట్లేదు.
అప్పుడు దూరింది నా వెలుగు.
టిక్. టిక్.

మధ్యాహ్నానికి పద్నాలుగు రింగులు.
వాటిలో తొమ్మిది ఆకురాయి తిన్నవి.

సాయంత్రం ఓనరు శేషయ్య గారు బిల్లు రాయించారు.
లేజర్‌కి గంటకి ఇంత.
గ్యాస్‌కి ఇంత.
ఆకురాయి అని రాయమన్నాను.
కంప్యూటర్లో ఆ గడి లేదట.
"ఇతరములు" అని వేశారు, నూట యాభై.
బాబాయ్ ఆ నోట్లు మడిచి
సిగరెట్టు పెట్టెలో, కాగితాల పక్కన పెట్టుకున్నాడు.